మాయకు ఊపిరి అందనప్పుడు

ముప్పయ్యొక్క ఏళ్లు ఇంటర్మీడియట్ పిల్లలకు జంతుశాస్త్రం చెప్పాను. పిండం పెరుగుదల పాఠం వచ్చినప్పుడల్లా బోర్డు మీద గుండ్రంగా మాయ బొమ్మ గీసి, దానికి బొడ్డుతాడు తగిలించి, ఒకే ఒక్క వాక్యం నోట్సు చెప్పేదాన్ని. 'తల్లి రక్తంలోని ఆక్సిజన్, ఆహార పదార్థాలు మాయ ద్వారా బిడ్డకు అందుతాయి.' పిల్లలు రాసుకునేవారు. పరీక్షల్లో రెండు మార్కుల ప్రశ్న. అంతటితో మాయ సంగతి అయిపోయేది.

ఆ వాక్యం తప్పేమీ కాదు. కాని అసలు కథలో అది సగం కూడా కాదని నాకు రిటైరయ్యాక తెలిసింది. 2015లో, గుంటూరులో ఒక ఆసుపత్రి వరండాలో, బెంచీ మీద కూర్చుని ఉండగా తెలిసింది.

మా అమ్మాయికి తొలి చూలు. ఏడో నెల రాగానే సీమంతం చేసి తెనాలిలో మా ఇంటికి తీసుకొచ్చుకున్నాం. వచ్చిన మర్నాడే, "అమ్మా, చెప్పులు పట్టడం లేదే" అంది. చూస్తే పాదాలు ఉబ్బి ఉన్నాయి. "కడుపుతో ఉన్నప్పుడు కాళ్లకు నీరు దిగడం మామూలేనే, నాకూ దిగింది" అన్నాను. రెండు రోజులకు తలనొప్పి అంది. అమృతాంజనం రాశాను. పొట్ట పైభాగంలో నొప్పి అంది. గ్యాస్ అనుకుని వాము నీళ్లు కాచి ఇచ్చాను. ఆ రాత్రి, కళ్లముందు మిణుగురులు ఎగురుతున్నట్టుగా ఉందంది. పొద్దున్నే డాక్టర్ దగ్గరికి వెళ్దాం, పడుకోమన్నాను. తెల్లవారుజామున నాలుగింటికి దానికి ఫిట్స్ వచ్చాయి.

కారులో గుంటూరు వెళ్లేసరికి బీపీ 180/120. మూత్రంలో ప్రొటీన్ విపరీతంగా పోతోంది. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్లు ఇచ్చి, బీపీ అదుపులోకి తెచ్చి, మధ్యాహ్నానికి ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ముప్పయ్యొకటో వారం. ఆడపిల్ల. పదకొండు వందల యాభై గ్రాములు. నా అరచేతికి కాస్త ఎక్కువ.

ఇరవై ఏళ్లకు పైగా పాఠం చెప్పిన మనిషిని, ఆ లక్షణాలన్నీ ఒక్కొక్కటిగా నా కళ్లముందుకే వచ్చినా పోల్చుకోలేకపోయాను. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది.

పాప ఇంక్యుబేటర్‌లో, తల్లి ఐసీయూలో. బయట మేమంతా. అలాంటి చోట మనుషులు ఊరికే కూర్చోలేరు. ఎవరిదో ఒకరిది తప్పు అని తేలితే తప్ప మనసు కుదుటపడదు. "ఆవకాయ అంటే ప్రాణం వదినగారూ, ఉప్పు తగ్గించమ్మా అంటే వినేది కాదు" అన్నారు మా వియ్యపురాలు. ఆవిడ చెడ్డమనిషి కాదు, భయంతో అన్న మాట అది. "బ్యాంకు ఉద్యోగం, పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చోవడం" అన్నారు మావారు. "గ్రహణం పూట బయటికి వచ్చిందేమో" అంది మా పిన్ని. మా అమ్మ మాత్రం ఏమీ అనలేదు. కాసేపటికి నా చెవిలో, "గుర్రపువాతం. మా అక్క దీంతోనే పోయింది" అంది.

ఆ పెద్దమ్మ సంగతి నాకు లీలగా తెలుసు. నేను పుట్టకముందే, నిండు చూలాలు, కాళ్లూ చేతులూ కొట్టుకుని పోయిందట. ఊళ్లో గాలి సోకిందన్నారట. భూతవైద్యుణ్ని పిలిచారట. ఆయన వచ్చేలోపే అంతా అయిపోయిందట.

మూడో రోజు మా అమ్మాయి కాస్త తేరుకుని, నన్ను చూడగానే అడిగిన మొదటి ప్రశ్న బిడ్డ గురించి. రెండో ప్రశ్న, "అమ్మా, నేనేం తప్పు చేశాను?"

నా దగ్గర జవాబు లేదు.

ఆపరేషన్ చేసిన డాక్టరమ్మ ఒకప్పుడు నా విద్యార్థిని. నేను అడిగితే మాయ ఎలా ఉందో చెప్పింది. మామూలుగా నెలలు నిండిన మాయ దాదాపు అర కిలో ఉంటుంది. అడుగుకు కాస్త తక్కువ వెడల్పుతో, మెత్తగా, ముదురు ఎరుపులో ఉంటుంది. "మీ అమ్మాయిది నెలలకు తగ్గట్టు పెరగలేదు మేడమ్. మధ్యమధ్యలో తెల్లగా గట్టిపడిన మచ్చలున్నాయి. అక్కడికి రక్తం అందక ఆ భాగం చచ్చిపోయింది. జబ్బు మీ అమ్మాయిలో బయటపడింది కాని, మొదలైంది మాయలో" అంది.

మొదలైంది మాయలో. ఆ మాట పట్టుకునే నేను మళ్లీ చదువు మొదలుపెట్టాను. పాప ఇంక్యుబేటర్‌లో ఉన్న నలభై ఆరు రోజులూ, ఆ తర్వాతా, దొరికిన పుస్తకమల్లా చదివాను. తెలియనివి ఆ అమ్మాయినే అడిగాను. గురువు శిష్యురాలి దగ్గర పాఠం నేర్చుకోవడంలో తప్పేముంది!

మొదట నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇది. తొలి రెండున్నర నెలలు మాయలోకి తల్లి రక్తం ధారాళంగా రానే రాదు. నేను బోర్డు మీద గీసిన బొమ్మలో తల్లి రక్తం మొదటి రోజు నుంచీ ప్రవహిస్తూ ఉండేది. నిజానికి మాయ కణాలే, వీటిని ట్రోఫోబ్లాస్ట్ కణాలు అంటారు, గర్భాశయంలోని మెలికలు తిరిగిన సన్నని ధమనుల మూతుల్లోకి వెళ్లి బిరడాల్లా కూర్చుంటాయి. రక్తంలోని పలచని ద్రవం మాత్రం ఊరుతూ ఉంటుంది. ఆ రోజుల్లో పిండానికి తిండి గర్భాశయంలోని గ్రంథులు స్రవించే ద్రవం నుంచి వస్తుంది.

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతం. తొలి వారాల్లో మాయ ఉన్న చోట అది రెండు మూడు శాతమే. పది, పన్నెండు వారాల మధ్య ఆ బిరడాలు క్రమంగా వీడిపోతాయి. తల్లి రక్తం లోపలికి వస్తుంది. అప్పుడు ఆక్సిజన్ దాదాపు మూడింతలై ఎనిమిది శాతం దగ్గరికి చేరుతుంది. ఇంగ్లండులో ఎరిక్ జానియో, గ్రాహం బర్టన్ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి ఈ మార్పును కొలిచి 2000లో ప్రచురించారు.

ఎందుకిలా? ప్రాణవాయువు అని పేరు పెట్టుకున్నాం కదా, అది ఎంత ఎక్కువైతే అంత మంచిది కాదా? కాదట. ఆక్సిజన్ వాడుకునే కొద్దీ కణాల్లో నిప్పురవ్వల్లాంటి చురుకైన అణువులు పుడతాయి. గుండె, మెదడు, కాళ్లు, చేతులు రూపుకడుతున్న ఆ లేత సమయంలో వాటి వేడి పిండానికి తగలకూడదు. మన ఇళ్లల్లో పచ్చి బాలింతను, పసిగుడ్డును కొన్నాళ్లు ఎండ తగలకుండా, గాలి తగలకుండా గదిలో ఉంచుతారే, అలాంటి ఏర్పాటు అన్నమాట.

ఇంకో విశేషం, ఆ తక్కువ ఆక్సిజన్ మాయ కణాలకు లోటు కాదు, సంకేతం. 1997లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఓల్గా జెన్‌బాచెవ్, సుసాన్ ఫిషర్ బృందం ఒక ప్రయోగం ఫలితాలు ప్రకటించింది. తొలి నెలల మాయ కణాలను గాజు పళ్లేల్లో రెండు రకాలుగా పెంచారు. రెండు శాతం ఆక్సిజన్‌లో ఉంచినవి గబగబా విభజన చెంది సంఖ్య పెంచుకున్నాయి. ఇరవై శాతంలో ఉంచినవి విభజన ఆపి, చొచ్చుకుపోయే కణాలుగా మారాయి. అంటే ఊపిరి తక్కువైనప్పుడు, 'ముందు మనం పదిమందిమి అవుదాం' అనుకుంటాయి. ఊపిరి దొరికినప్పుడు, 'ఇక పనిలోకి దిగుదాం' అనుకుంటాయి.

ఆక్సిజన్ ఎంతుందో ఆ కణానికి ఎలా తెలుస్తుంది? దానికి ముక్కు లేదు, ఊపిరితిత్తులు లేవు. ప్రతి కణంలోనూ హెచ్‌ఐఎఫ్ అనే ఒక ప్రొటీన్ తయారవుతూనే ఉంటుంది. ఆక్సిజన్ సరిపడా ఉంటే తయారైంది తయారైనట్టే నాశనమైపోతుంది. రోజూ ఉత్తరం రాసి, 'ఇప్పుడెందుకులే' అని చింపేసే మనిషిని ఊహించుకోండి. ఆక్సిజన్ తగ్గిన రోజున చింపడం ఆగుతుంది. ఉత్తరం నేరుగా కణ కేంద్రకానికి చేరుతుంది. 'ఊపిరి తక్కువగా ఉంది, దానికి తగ్గట్టు సర్దుకోండి' అని దాని సారాంశం. అప్పుడు అనేక జన్యువులు మేల్కొంటాయి. కొత్త రక్తనాళాలు పుట్టించేవి కొన్ని, ఆక్సిజన్ లేకుండానే చక్కెర నుంచి శక్తి తీసేవి కొన్ని. మాయలో కూడా తొలి వారాల్లో ఈ ప్రొటీన్ ఎక్కువగా ఉండి, రక్తం వచ్చాక తగ్గుతుందని కెనడాలోని టొరంటో పరిశోధకులు చూపించారు.

ఇంతవరకూ అంతా సవ్యమే. మరి తేడా ఎక్కడ వస్తుంది?

మాది కృష్ణా డెల్టా. కాలువ నీటితో పెరిగినవాళ్లం కాబట్టి నాకు ఇది పొలం భాషలోనే అర్థమైంది. నారుమడికి నీళ్లు పెట్టేటప్పుడు తూము వెడల్పుగా ఉంటే నీరు నెమ్మదిగా వచ్చి మడంతా పరుచుకుంటుంది. తూము ఇరుకుగా ఉంటే నీరు ఎగజిమ్ముతుంది. ఎదురుగా ఉన్న నారు వేళ్లతో సహా లేచిపోతుంది, దూరంగా ఉన్న మొక్కలకు తడి అందదు.

గర్భాశయంలోని ఆ మెలికల ధమనులు మామూలుగా ఇరుకైనవి. చుట్టూ కండర పొర ఉంటుంది. చొచ్చుకుపోయే మాయ కణాలు వాటిలోకి చేరి, ఆ కండరాన్ని కరిగించి, మూతిని గరాటులా వెడల్పు చేస్తాయి. నెలలు నిండేసరికి గర్భాశయానికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం రావాలి. అంత రక్తం దూకుడు లేకుండా నెమ్మదిగా మాయలోకి పరుచుకోవాలంటే ఈ మరమ్మతు తప్పదు. కొందరిలో ఈ పని సగంలో ఆగిపోతుంది. తూము ఇరుకుగానే మిగిలిపోతుంది. కండరం కరగలేదు కాబట్టి అది ఉండి ఉండి బిగుసుకుంటుంది కూడా. రక్తం ఒకసారి ఆగుతుంది, ఒకసారి దూకుతుంది.

ఇందులో అసలు దెబ్బ, ఆక్సిజన్ తగ్గడం ఒక్కటే కాదంటారు, తగ్గుతూ పెరుగుతూ ఉండటం అంటారు. మా పల్లెల్లో రైతులు ఇది చప్పున పట్టుకుంటారు. కరెంటు పూర్తిగా పోతే మోటారు ఆగి ఊరుకుంటుంది. లో వోల్టేజీలో హెచ్చుతగ్గులొస్తేనే కాలిపోతుంది. తొలి వారాల్లో అదే కణాలు రెండు శాతం ఆక్సిజన్‌లో హాయిగా పెరిగాయి. అప్పుడది నిలకడగా ఉండేది, అవి దానికి సిద్ధపడి ఉండేవి. నెలలు పెరిగాక, బిడ్డ అవసరం పెరిగాక, అదే కొరత వాటిని కాల్చేస్తుంది. ఒకే వస్తువు ఒక వేళకు మందు, ఇంకో వేళకు విషం.

ఉక్కిరిబిక్కిరైన మాయ కణాలు ఊరుకోవు. తల్లి రక్తంలోకి కొన్ని పదార్థాలు వదులుతాయి. వాటిలో ముఖ్యమైన దాన్ని 2003లో అమెరికాలోని బోస్టన్‌లో అనంత్ కరుమంచి అనే వైద్యుడి బృందం బయటపెట్టింది. ఇంటిపేరు చూసి నేను కాసేపు అక్కడే ఆగిపోయాను. ఆ పదార్థం ఎస్‌ఫ్లిట్-1 అనే ప్రొటీన్. తల్లి రక్తనాళాల లోపలి పొర ఆరోగ్యంగా ఉండటానికి కొన్ని పోషక ప్రొటీన్లు కావాలి. ఈ ఎస్‌ఫ్లిట్-1 వాటిని పట్టేసుకుని పనికి రాకుండా చేస్తుంది. దాంతో తల్లి నాళాలు బిగుసుకుంటాయి. బీపీ పెరుగుతుంది. మూత్రపిండాల జల్లెడ కారుతుంది. కాళ్లు, చేతులు, ముఖం ఉబ్బుతాయి. మెదడుకు సోకితే ఫిట్స్. ఆ ప్రొటీన్‌ను చూలుతో ఉన్న ఎలుకల్లో ఎక్కువయ్యేలా చేస్తే వాటికీ బీపీ పెరిగి, మూత్రంలో ప్రొటీన్ పోయింది. మరుసటి ఏడాదే తేలిన ఇంకో విషయం, ఈ ప్రొటీన్ తల్లికి జబ్బు బయటపడటానికి దాదాపు ఐదు వారాల ముందు నుంచే రక్తంలో పెరుగుతూ వస్తుంది.

ఈ జబ్బు పేరు ప్రీఎక్లాంప్సియా. ఫిట్స్ కూడా వస్తే ఎక్లాంప్సియా. మా అమ్మ చెప్పిన గుర్రపువాతం. వంద మంది గర్భిణుల్లో ఇద్దరి నుంచి ఎనిమిది మంది దాకా ఇది వస్తుంది. అన్నిటికీ ఈ తూముల కథే కారణం అనలేం. నెలలు నిండే ముందు వచ్చే రకంలో తల్లికి అంతకుముందే ఉన్న బీపీ, షుగరు, స్థూలకాయం వంటివి ఎక్కువ పాత్ర వహిస్తాయి. కవలలున్నా ముప్పు ఎక్కువే. కాని మా అమ్మాయికి వచ్చినట్టు ముందుగా, తీవ్రంగా వచ్చే రకంలో కథ ఎక్కువగా మాయలోనే మొదలవుతుంది.

గాలి సోకిందన్నారు మా పెద్దమ్మకు. నిజానికి లోపల మాయకు గాలి అందక ఉంటుంది. రెండు మాటల మధ్య తేడా చిన్నదే, దానికోసం ఒక ప్రాణం పోయింది.

ఇదంతా చదివి అర్థం చేసుకున్నాక ఒకరోజు మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను. పాప ఉయ్యాల్లో ఉంది. కాగితం మీద బొమ్మ గీశాను. ఈసారి బిరడాలతో, తూములతో గీశాను. "ఈ దారులు వెడల్పయ్యే పని మూడో నెలకు మొదలై అయిదో నెలకల్లా పూర్తి కావాలి. నీకు అప్పుడే తేడా జరిగింది. అప్పటికి నువ్వు బ్యాంకులో ఎవరికీ చెప్పనైనా లేదు. ఆవకాయ వల్ల కాదు, కంప్యూటర్ వల్ల కాదు, గ్రహణం వల్ల అసలే కాదు" అన్నాను. ఉప్పు మానేయడం వల్ల, మంచం దిగకపోవడం వల్ల ఈ జబ్బు రాకుండా ఆగుతుందన్నదానికి ఆధారం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పిందని కూడా చెప్పాను.

అది చాలాసేపు ఆ కాగితం వంక చూసింది. తర్వాత, "అమ్మా, ఇది అత్తయ్యగారికి కూడా గీసి చూపిస్తావా?" అంది. ఆర్నెల్లుగా ఆ ఉప్పు మాటను అది ఎంత లోపల దాచుకుందో నాకప్పుడు అర్థమైంది. వియ్యపురాలి గారికీ గీసి చూపించాను. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "నేను తెలియక అన్నానమ్మా" అన్నారు కోడలితో. ఆ ఒక్క మాటకు నా ముప్పయ్యొక్క ఏళ్ల పాఠాలన్నీ సాటిరావనిపించింది.

నేనూ ఒక మాట ఒప్పుకోవాలిగా. ఆ రోజు ఒప్పుకున్నాను. "మాయలో జరిగినదానికి ఎవరిదీ తప్పు కాదు. కాని తలనొప్పి అన్నప్పుడు బీపీ చూపించకపోవడం మాత్రం నా తప్పు" అన్నాను. తప్పు లేని చోట తప్పు వెతకడం ఎంత అన్యాయమో, చేయగలిగిన పని చేయకుండా తలరాత అనుకోవడం కూడా అంతే అన్యాయం.

చదువుతూ పోతే ఊపిరికీ మాయకూ ఉన్న ఈ లెక్క కొండల మీద మరింత స్పష్టంగా కనిపిస్తుందని తెలిసింది. అమెరికాలోని కొలరాడోలో లెడ్‌విల్ అనే ఊరు మూడు వేల మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ గాలి పలచన. అలాంటి ఊళ్లలో పుట్టే పిల్లల బరువు, ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ దాదాపు వంద గ్రాములు తగ్గుతూ వస్తుంది. తల్లులకు ఈ బీపీ జబ్బు కూడా ఎక్కువే. కాని తరతరాలుగా అక్కడే బతుకుతున్న టిబెట్ వాళ్లకు, దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల వాళ్లకు బిడ్డల బరువు అంతగా తగ్గదు. వేల ఏళ్లలో వాళ్ల ఒంటికి ఆ గాలి అలవాటైపోయింది.

మనం కొండల మీద లేము. తెనాలి సముద్రానికి దగ్గర, నేల బల్లపరుపు. అయినా మన తల్లుల ఒంట్లో ఊపిరి కొరత తక్కువేమీ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆక్సిజన్‌ను మోసుకొచ్చేది రక్తంలోని హిమోగ్లోబినే కదా. బండ్లు తక్కువైతే ధాన్యం ఎలా చేరుతుంది? తల్లికి రక్తం తక్కువైనప్పుడు మాయ తన పరిమాణం పెంచుకుని ఎలాగో నెట్టుకురావాలని చూస్తుంది. కట్టెల పొయ్యి పొగలో, ఇంట్లో మగవాళ్లు తాగే సిగరెట్టు, చుట్ట పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. అది ఆక్సిజన్ కూర్చోవలసిన పీట మీద తాను కూర్చుంటుంది. ఐరన్ మాత్ర వేడి చేస్తుందని మానేసే చూలాలికీ, పక్కనే కూర్చుని చుట్ట కాల్చే మామగారికీ ఈ సంగతి ఎవరైనా చెప్పాలి.

2019లో మా అమ్మాయి రెండోసారి నెల తప్పింది. ఈసారి సంతోషం కంటే భయమే ముందొచ్చింది. ఒకసారి వచ్చినవాళ్లకు మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ. మా డాక్టరమ్మ మాత్రం ధైర్యం చెప్పింది. 2017లో ఇంగ్లండు తదితర దేశాల్లో జరిపిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు అప్పటికే వచ్చి ఉన్నాయి. ముప్పు ఎక్కువగా ఉన్న గర్భిణులకు పదకొండు, పద్నాలుగు వారాల మధ్య మొదలుపెట్టి, రోజూ రాత్రి 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ముప్పయ్యారో వారం దాకా ఇస్తే, నెలలు నిండకముందే వచ్చే ఈ జబ్బు 62 శాతం తగ్గింది. ఆశ్చర్యం ఏమిటంటే మందు మొదలుపెట్టాల్సింది సరిగ్గా ఆ తూములు వెడల్పయ్యే రోజుల్లోనే. అయిదో నెల దాటాక మొదలుపెడితే పెద్దగా ప్రయోజనం ఉండదు. ఇది ఎవరికివారు కొనుక్కుని వేసుకునే మాత్ర కాదు. ఎవరికి అవసరమో డాక్టరే తేల్చాలి.

పన్నెండో వారం నుంచి మా అమ్మాయికి ఆస్పిరిన్ మొదలుపెట్టారు. క్యాల్షియం కూడా ఇచ్చారు. మన తిండిలో క్యాల్షియం తక్కువ కాబట్టి అది కూడా ఈ ముప్పును తగ్గిస్తుందట. నేనొక బీపీ మిషన్ కొన్నాను. రోజూ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి చూసి క్యాలెండర్ మీద రాసేదాన్ని. పాల లెక్క, చాకలి పద్దు రాసుకునే క్యాలెండర్ ఆ ఏడాది బీపీ లెక్కలతో నిండిపోయింది. 140/90 దాటితే ఏ వేళైనా ఫోన్ చేయమంది డాక్టరమ్మ.

ఆ అక్టోబరులో ఒకరోజు టీవీలో నోబెల్ బహుమతుల వార్త వచ్చింది. వైద్యశాస్త్రంలో విలియం కెలిన్, పీటర్ ర్యాట్‌క్లిఫ్, గ్రెగ్ సెమెంజా అనే ముగ్గురికి ఇచ్చారు. కణాలు ఆక్సిజన్‌ను ఎలా పసిగడతాయో కనిపెట్టినందుకు. అదే, నేను చెప్పిన ఆ చింపేసే ఉత్తరం కథ. మా అమ్మాయికి అప్పుడు ముప్పయ్యో వారం. మర్నాటి నుంచి ఆ భయంకరమైన ముప్పయ్యొకటో వారం. "చూశావా, మన మాయ కథకే నోబెల్ ఇచ్చారు" అన్నాను. "ఇచ్చేదేదో ఈ వారం దాటాక ఇవ్వకూడదూ" అంది అది, నవ్వుతూ. ఆ నవ్వులోని వణుకు నాకు తెలుసు.

ముప్పయ్యొకటి దాటింది. ముప్పయ్యయిదు దాటింది. క్యాలెండర్ మీద ఒక్కసారి మాత్రం 136/88 వచ్చింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు. డిసెంబరు మొదట్లో, ముప్పయ్యెనిమిది వారాలు నిండాక మనవడు పుట్టాడు. రెండు కిలోల ఏడు వందలు.

మాయ పడిందని చెప్పగానే, ఒక్కసారి చూపించమని అడిగాను. నర్సు నన్ను వింతగా చూసింది. మా డాక్టరమ్మ నవ్వి ట్రే తెప్పించింది. గుండ్రంగా, ముదురెరుపు రంగులో, తడితడిగా మెరుస్తూ ఉంది. దాని మీద బొడ్డుతాడు మొదలు నుంచి రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా పరుచుకుని ఉన్నాయి. లోపల వేళ్లలా అల్లుకున్న సన్నని కొమ్మలన్నీ విప్పి పరిస్తే పది చదరపు మీటర్లకు పైగా ఉంటుందట. ఒక చిన్న గది అంత. ముప్పయ్యొక్క ఏళ్లు దాని బొమ్మ గీశాను. దగ్గరగా చూడటం అదే మొదలు.

వెనకటి రోజుల్లో మాయను కుండలో పెట్టి పెరట్లో పాతిపెట్టేవారు. అందరి పుట్టుకకూ మోసిన మొదటి అవయవం, మన పని కాగానే తనంతట తాను తప్పుకునే అవయవం. మాయ అని ఎవరు పేరు పెట్టారో గాని, ఉన్నన్నాళ్లూ కంటికి కనబడదు, కనబడ్డ గంటలోనే మాయమవుతుంది. దాని మీద ఒకటి రెండు రోజుల పాటైనా ధ్యాస ఉంచమని పెద్దలు ఆ కుండ ఆచారం పెట్టారేమో.

ప్రసవం అయ్యాక కూడా కొన్ని రోజులు బీపీ చూస్తూనే ఉండాలని డాక్టరమ్మ గుర్తుచేసింది. మాయ పడితే జబ్బు మూలం పోతుంది కాని, ఆ తర్వాత కూడా ఫిట్స్ వచ్చేవాళ్లుంటారు. మేం ఆరు వారాలు చూశాం.

మా మనవరాలు, ఆ పదకొండు వందల యాభై గ్రాముల పిల్ల, ఇప్పుడు బడిలో పరుగు పందాల్లో ముందుంటుంది. బీపీ మిషన్ ఇంకా మా ఇంట్లోనే ఉంది. మా వీధిలో ఎవరి కోడలైనా, ఎవరి కూతురైనా నీళ్లోసుకుందని తెలిస్తే నేనే తీసుకుని వెళతాను. "తలనొప్పి ఉందా? కళ్లు మసకలా? పొట్ట పైన నొప్పా? ముఖం ఉబ్బిందా?" అని అడుగుతాను. కొందరు నవ్వుతారు, టీచరమ్మకు చాదస్తం అంటారు. మొన్న ఒక పిల్ల కాళ్లకు నీరు దిగిందంటే, వాళ్ల అమ్మ నాలాగే, "మామూలేనండీ, నాకూ దిగింది" అంది.

"మామూలే కావచ్చమ్మా. చూస్తే పోయేదేముంది?" అని పిల్ల చేతికి పట్టీ చుట్టాను.